నీలంగా కనిపించిన తీగ

ఈ మధ్య మా పాత సెక్షన్ ఆఫీసు ముందు నుంచి పోతుంటే మీలో కొందరు కనబడ్డారు. కొత్తగా చేరిన లైన్‌మన్లు. బండ్ల మీద కూర్చుని, డిపార్ట్‌మెంటు ఇచ్చిన లావుపాటి ఫోన్లు తీసి, ఒకరి మొహం ఒకరికి చూపించుకుని నవ్వుకుంటున్నారు. ఆ ఫోన్‌లో నుదురు ఎర్రగా, ముక్కు నీలంగా కనబడుతుందని నాకూ తెలుసు. ఆగితే ఏదో ఒకటి అంటానని ఆగకుండా వచ్చేశాను. అనవలసింది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. తీరిక ఉంటే చదవండి, లేకున్నా చదవండి.

నేను సగం ఉద్యోగం పోల్స్ ఎక్కి, మిగతా సగం ఎక్కేవాళ్లను కింద నుంచి తిట్టి రిటైరైనవాణ్ణి. ఆ రెండో సగాన్ని లైన్ ఇన్‌స్పెక్టర్ అంటారు. సిద్దిపేట, చుట్టుపక్కల ఊళ్లు. వానాకాలం తిట్లు వేరు, ఎండాకాలం తిట్లు వేరు. నా తిట్లకు నవ్వేవాడు ఒక్కడే ఉండేవాడు. దౌల్తాబాద్ దిక్కు మనిషి, మా సీనియర్ లైన్‌మన్. అందరం భాయ్ అనేవాళ్లం.

నా సర్వీసు చివర్లో ఒక ఎండాకాలం మొదట మా ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ మేడం, మూడు ఫోన్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. హైదరాబాదులో చదివి కొత్తగా వచ్చిన అమ్మాయి. మధ్యాహ్నం ఎండలో పోల్ కింద నిలబడడానికి వెనకాడని మనిషి, అందుకే నాకు ఆమె అంటే గౌరవం.

“ఏంది మేడం ఇవి, ఇటుకలోలె ఉన్నయి?” అన్నాను.

“థర్మల్ కెమెరా ఫోన్లు. జాయింటు లూజైతే ఆడ వేడి పుడ్తది గదా, అది పోల్ ఎక్కకుండనే కిందికెల్లి కనబడ్తది. మూడు వాడి చూసి, లైన్‌మన్లందరికి ఏది కొంటె మంచిదో చెప్పమన్నరు.”

“ఎవరు వాడాలె?”

“మీరు, నేను, భాయ్.”

ఒకటి పసుపుది, ఒకటి నల్లది, మూడోది నిజంగానే ఇటుకంత. మూడూ నీళ్లలో పడినా, బురదలో పడినా, ఎత్తు నుంచి పడినా ఏమీ కావని డబ్బాల మీద రాసి ఉంది. కింది నుంచి పోల్ వైపు పట్టి చూస్తే వేడిగా ఉన్న చోటు పసుపుగా, ఎర్రగా, మరీ వేడైతే తెల్లగా కనబడేది. చల్లగా ఉన్నది నీలంగా కనబడేది. అంతకు మించి దాంట్లో విద్యేమీ లేదు.

ముందు నుంచి చెబుతున్నాను, ఆ ఫోన్ చెడ్డదని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. మొదటి వారంలోనే అది మాకు పని చేసిపెట్టింది. కూరగాయల మార్కెట్ దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక క్లాంపు తెల్లగా మెరుస్తూ కనబడింది. కరెంటు తీసి ఎక్కి చూస్తే బోల్టు సగం కరిగి ఉంది. ఇంకొన్నాళ్లు ఆగితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కాలి, బజారంతా మమ్మల్ని తిట్టేది. ఆ రోజు మేడం మా అందరికీ చాయ్ తాగించింది.

ఇక ఊళ్లలో అయితే మేము పోతే జనం చుట్టూ మూగేవారు. చింతమడకలో ఒక ముసలామె తన మోకాలు చూడమని కూర్చుంది. భాయ్ ఫోన్ పట్టి గంభీరంగా చూసి, “మోకాలు సల్లగనే ఉన్నదవ్వా, నెత్తే గరమున్నది. కోడలితోని కొట్లాడినవా పొద్దుగాల?” అన్నాడు. ఆమె కట్టె అందుకుంది. కోడలు లోపల నుంచి నవ్వడం నాకు వినిపించింది.

ఫోన్ల మీద మాకు రోజూ పంచాయితీ. నల్లదాని తెర ఎండలో ఏమీ కనబడేది కాదు, దుప్పటి కప్పుకుని చూడాలి. ఇటుకది బ్యాటరీ బాగా ఆగేది గానీ అంగీ జేబు చిరిగేలా గుంజేది. పసుపుది చేతికి తొడుగు ఉన్నా మాట వినేది. భాయ్ ఓటు పసుపుదానికే. ఆయన భార్య ఇంటి దగ్గర బట్టలు కుట్టేది. ఆ ఫోన్ కోసం ఆయన ఖాకీ అంగీలకు లోతైన జేబులు కుట్టి, మీద మూత, మూతకు గుండీ పెట్టింది. “ఫోన్ పడితె జీతంలకెల్లి పట్టుకుంటరట, మా ఆవిడకు గదే ఫికర్,” అని భాయ్ గుండీ పెట్టుకుంటూ చెప్పేవాడు.

పడితే పగులుతుందా లేదా అన్నది మాత్రం మేము ఎవ్వరం చూడలేదు. చూడమని పైనుంచి చెప్పారు. పగిలితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పలేదు.

“మీరు ఊ అనున్రి మేడం, పోల్ మీదికెల్లి ఇడుస్తా,” అన్నాడు భాయ్.

“వద్దు భాయ్. గదొక్కటి ఎవలన్న వేరేటోళ్లు చూడనీ.”

అట్లా ఆ పరీక్ష మిగిలిపోయింది.

ఇప్పుడు రాడ్ సంగతి చెప్పాలి. మీకు తెలుసు, అయినా తెలియని వాళ్లు చదువుతారేమోనని చెబుతున్నాను. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కరెంటు తీయిస్తాం. తీసినా నమ్మం. పొడుగు కట్టెకు కొక్కెం, కొక్కేనికి తీగ, తీగ రెండో కొస భూమిలో. అదే ఎర్త్ రాడ్. ఆ కొక్కెం లైనుకు తగిలించాక, ఎక్కడి నుంచి కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది, పైన ఉన్న మనిషి బతుకుతాడు. అది మోయడం నరకం. బండికి పక్కన కట్టుకుని బజారులో పోతుంటే ఒకరి గంప తగిలేది, ఒకరి తలపాగా తగిలేది. అయినా భాయ్ ఏళ్ల తరబడి మోశాడు. “రాడ్ పడంది నా కాలు లేవదన్నా,” అనేవాడు. కొత్తవాళ్లు వేయకపోతే నాకంటే ముందు ఆయనే తిట్టేవాడు.

అలాంటి మనిషికి ఆ అలవాటు ఎట్లా తప్పిందో చెబుతాను.

ఒక మధ్యాహ్నం పై ఆఫీసు నుంచి పెద్ద సారు వచ్చాడు, ఫోన్లు ఎట్లా పని చేస్తున్నాయో చూస్తానని. సబ్‌స్టేషన్ బయట అందరం నిలబడ్డాం. మోటార్లన్నీ నడుస్తున్న వేళ, లైను నిండా కరెంటు పారుతోంది. భాయ్ పసుపు ఫోన్ పట్టి చూపించాడు. మూడు తీగలూ పసుపుగా కనబడ్డాయి. మేడం ఆపరేటర్‌తో ఆ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైను, ఆపించింది. చూస్తుండగానే తీగలు చల్లబడి, రంగు దిగి, నీలమయ్యాయి.

భాయ్‌కి నలుగురు చూస్తుంటే ఊపు వచ్చేది. “చూడున్రి సార్, ఇగ సచ్చిపోయింది లైను,” అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద సారు దాన్ని వీడియో తీసి అక్కడే నిలబడి మా డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక మాట రాశాడు: లైనులో కరెంటు ఉందో లేదో మన లైన్‌మన్ ఇప్పుడు పోల్ ఎక్కకుండానే చెప్పగలడు. సాయంత్రానికి అది చుట్టుపక్కల సెక్షన్లన్నింటికీ పోయింది. ఎవరెవరో భాయ్‌కి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆయన వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఫోన్ వేడిని చూస్తుంది. కరెంటును చూడదు. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. పారకుండా ఊరికే నిలబడి ఉంటే తీగ చల్లగానే ఉంటుంది, మనిషి చెయ్యి పెడితే మాత్రం చంపుతుంది. ఇది తెలియనివాళ్లు ఆ రోజు అక్కడ ఒక్కరూ లేరు. భాయ్‌కీ తెలుసు. మేడం తిరిగి వస్తూ జీపులో మళ్లీ చెప్పింది కూడా.

“వేడి లేదంటె కరెంటు లేదని కాదు భాయ్. మరువకు.”

“నాకు ఎర్కలేదా మేడం? రాడ్ రాడే, ఫోన్ ఫోనే.”

కానీ ఆ తర్వాత ప్రతి పనికీ ఆయన ముందు ఫోన్ పట్టి చూసేవాడు. నీలం అనేవాడు. ఎక్కేవాడు. ఏమీ అయ్యేది కాదు. ఎందుకు అవుతుంది? ప్రతిసారీ మేము ముందే సబ్‌స్టేషన్‌లో కరెంటు తీయించి ఉన్నాం. కరెంటు లేని తీగను చూపించి లేదని చెప్పింది కాబట్టి, ఆ ఫోన్ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. రెండు నెలలు తప్పు చెప్పని దాన్ని మనిషి నమ్మక ఏం చేస్తాడు? మెల్లగా రాడ్ బండి దిగి జీపు ఎక్కింది. జీపులో నిచ్చెన కిందికి పోయింది. నేను అడిగితే, “ఏడికి పోయిందన్నా, జీపులనే ఉన్నది గద,” అనేవాడు. ఉండేది నిజమే. నిచ్చెన కింద, తాళ్ల కింద. నాకు కోపం వచ్చేది, తిట్టేవాణ్ణి, ఆయన ఎప్పటిలాగే నవ్వేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా మండిపోయే ఎండ. మూడు దాటాక ఒక్కసారిగా గాలిదుమారం లేచి, వెనకే వాన కొట్టింది. రోడ్ల మీద ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పడానికి జనం ఉరుకుతున్నారు. నారాయణరావుపేట పోయే దారిలో చెట్టు కొమ్మ విరిగి లైను మీద పడి తీగ తెగిందని ఫోన్ వచ్చింది. మేడం, నేను, భాయ్ జీపులో పోయాం.

తెగిన చోటికి అవతల కొంచెం దూరంలో ఒక ఫంక్షన్ హాలు. ఆ లైను చివరన ఉన్న ఒకే ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ దానిదే. అంటే తీగ తెగాక, హాలు వైపు మిగిలిన ముక్కకు సబ్‌స్టేషన్‌తో సంబంధమే లేదు. లోపల పెళ్లి. హాలు మనుషులు ఇద్దరు గొడుగు పట్టుకుని వచ్చి, ఎంతసేపు, ఎంతసేపు అని మా వెంట పడ్డారు. మేడం సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్ ఆపించింది. ఆపరేటర్ తిరిగి చెప్పిన మాట నేనూ విన్నాను. అంతవరకు ఎవరి పనిలోనూ లోపం లేదు.

రోడ్డు మీద వాన నీళ్లు నిలిచి జీపు ఇవతలే ఆగింది. భాయ్ నడుముకు బెల్టు కట్టుకుని మోకాలు లోతు నీళ్లు దాటి గట్టు మీది పోల్ దగ్గరికి ముందే పోయాడు, వెనక మేడం, నేను. కొమ్మ నరికి పక్కకు లాగాడు. ఫోన్ తీసి పైకి పట్టాడు.

“మొత్తం నీలమే అన్నా,” అని అరిచాడు. వాన వెలిసిన తర్వాత ఏ తీగైనా నీలమే.

“ఆగు. రాడ్ తెస్త.”

“తే, తే. అందాక నేను పైకి పోయి కూసుంట.”

నేను జీపు దగ్గరికి వచ్చి నిచ్చెన దించి తాళ్ల ముడి విప్పుతున్నాను. తడిసిన ముడి, ఊడి రావడం లేదు. ఫంక్షన్ హాలు వైపు నుంచి జనరేటర్ చప్పుడు మొదలైంది. నాకేమీ అనిపించలేదు. పెళ్లి కదా, లైట్లు వేసుకుంటున్నారు అనుకున్నాను. ఆ చప్పుడు నేను ఇప్పటికీ ఏ పెళ్లిలో విన్నా లేచి బయటికి వచ్చేస్తాను. తిండి మధ్యలో ఉన్నా సరే.

జనరేటర్ వేసినప్పుడు బయటి లైనుతో తెగతెంపులు చేసే ఒక స్విచ్ ఉండాలి. ఆ హాలులో అది ఎప్పుడో పాడైతే తీసేసి, తీగలు నేరుగా కలుపుకున్నారు. జనరేటర్ కరెంటు వెనక్కి వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కి, పదకొండు వేల వోల్టులై, హాలు వైపు మిగిలిన ఆ ముక్కలో, భాయ్ ఎక్కిన పోల్ మీద నిలబడింది. పారడానికి దానికి దారి లేదు, అందుకే తీగ చల్లగా ఉంది. భాయ్ పైన ఇంకోసారి ఫోన్ పట్టి చూసుకున్నాడని మేడం తర్వాత చెప్పింది. చూసి, తల ఊపి, ఫోన్ జేబులో వేసుకుని, చెయ్యి చాచాడు.

మేడం అరుపుకు నేను తిరిగేసరికి భాయ్ కింద ఉన్నాడు. నడుం బెల్టు ఇంకా పోల్‌కు తగిలించుకోలేదు. నేను రాడ్ వదిలేసి నీళ్లలో పడుతూ లేస్తూ పోయాను. మేడం ఆయన ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది, చున్నీ బురదలో పడి ఉంది. జేబు మూత గుండీ పెట్టుకోనట్టుంది, ఫోన్ పక్కనే నరికిన కొమ్మకు ఆని పడి ఉంది, తెర నా వైపు, కెమెరా హాలు వైపు. హాలు మనుషులు ఉరికివస్తున్నారు. ఆ తెర మీద వాళ్ల కాళ్లు ఎర్రగా పరుగెత్తడం నేను చూశాను. అంత గాభరాలో అది ఎందుకు చూశానో నాకు తెలియదు.

జీపులో వేసుకుని సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా మేడం నొక్కుతూనే ఉంది. డాక్టర్ చెయ్యి పట్టి చూసి ఆమెను ఆపమన్నాడు. ఆమె ఆపలేదు. నేనే భుజం పట్టి వెనక్కి లాగాను.

ఆయన భార్యకు నేనే చెప్పాను. అటువంటి మాట ఎట్లా చెప్పాలో ఎవరూ నేర్పరు, నేనూ మీకు నేర్పలేను. ఏడ్చి ఏడ్చి, మూడో రోజు నేను పోయినప్పుడు ఆమె నన్ను పక్కకు పిలిచింది.

“గా ఫోన్ పగిలిందా భాయిసాబ్? మా మీదికి వస్తదా?”

“లేదమ్మా. పగలలేదు.”

ఆమె తల ఊపి లోపలికి పోయింది. 

కొన్నాళ్లకు పెద్ద సారు ఆఫీసులో మీటింగు. రెండు పనులు ఒకేసారి పెట్టుకున్నారు. ఏ ఫోన్ కొనాలి, తప్పు ఎవరిది. తప్పు చనిపోయిన మనిషిదే అని తేలితే ఆ ఇంటికి రావలసింది ఏదీ తొందరగా రాదని, ఆమెకు ఉద్యోగం ఇచ్చే మాట అటకెక్కుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు. ఫంక్షన్ హాలు ఓనరుకు పెద్దవాళ్లు తెలుసని కూడా అందరికీ తెలుసు. టేబుల్ మీద మూడు ఫోన్లు పెట్టి ఉన్నాయి. పసుపుదాన్ని ఎవరో శుభ్రంగా తుడిచారు.

“రాడ్ వెయ్యలేదు. గంతే గదా? రాడ్ వెయ్యకుండ ఎక్కిండు, స్వయం నిర్లక్ష్యం అని రాయున్రి, అయిపోతది,” అన్నాడు పెద్ద సారు. మాటలో కఠినం ఏమీ లేదు. ఫ్యూజు మార్చమని చెప్పినట్టే చెప్పాడు.

మేడం లేచి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

“రాస్త సార్. రాడ్ వెయ్యలేదని రాస్త. ఎందుకు వెయ్యలేదో గూడ రాస్త.”

“ఎందుకు?”

“ఫోన్ చూస్తె తెలుస్తదని గ్రూపుల వీడియో వచ్చింది గదా సార్. ఆ వీడియోల మాట్లాడింది ఆయనే. తీసింది మీరే. చప్పట్లు కొట్టింది నేను గూడ. హాలుల స్విచ్ లేదన్నది గూడ రాస్త. అన్నీ రాస్తెనే సంతకం పెడ్త.”

  ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. నా సర్వీసు మొత్తంలో అంత ధైర్యం నేను చేయలేదు, అప్పుడు కూడా చేసింది ఆమె పక్కన లేచి నిలబడడమే. నాతో పాటు ఇంకో ఇద్దరు లేచారు.

ఆమె అన్నీ రాసింది. వీడియో గ్రూపులో నుంచి మాయమైంది, మేడంకు మరుసటి ఏడు దూరం బదిలీ వచ్చింది. భాయ్ భార్యకు ఉద్యోగం వచ్చింది, చాలా తిప్పి తిప్పి ఇచ్చారు గానీ ఇచ్చారు. ఫంక్షన్ హాలులో కొత్త స్విచ్ పెట్టారు, పెళ్లిళ్లు నడుస్తూనే ఉన్నాయి. ఫోన్లు కొన్నారు. మీ దగ్గర ఉన్నవి అవే, పసుపువే. ఇది కరెంటును చూపించదు అని వెనక ఒక స్టిక్కర్ అంటించి ఇచ్చారు. ఎండాకాలం చెమటకు అది మొదటి నెలలోనే ఊడిపోతుంది. మీ ఫోన్లకు ఉందో లేదో ఒకసారి తిప్పి చూసుకోండి.

ఆ మీటింగులో నాకు మరుపు రాని మాట మాత్రం ఇంకొకటి. మేడం కూర్చున్నాక పెద్ద సారు మాట మార్చడానికి పసుపు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అది ఏ ఫోనో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

“మస్తు గట్టిగున్నది. ఎత్తుకెల్లి పడితె ఏమైతదో చూడమన్న గదా, చూసిన్రా?”

 నేను జవాబు చెప్పాను.

“చూసినం సార్. పోల్ మీదికెల్లి పడ్డది. దానికేం కాలేదు.”